ఓఎమ్మార్ షీట్‌కి రెండు వైపులు: ఒకవైపు మీరు, ఇంకోవైపు మీ జవాబులు



ముందు రెండు నంబర్లు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. మొదటిది 2,33,248. రెండోది 2,33,506. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఎంత? 258.

మొదటి నంబర్ 2023 జూన్ 11న గ్రూప్-1 ప్రిలిమ్స్ ఎంతమంది రాశారని టీఎస్‌పీఎస్సీ చెప్పిన లెక్క. రెండోది అదే నెల చివర్లో, ఓఎమ్మార్ షీట్లు స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టినప్పుడు చెప్పిన లెక్క. పరీక్ష ఒకటే, రోజు ఒకటే, హాళ్లు అవే. కానీ కాయితాలు మాత్రం 258 ఎక్కువ. మొదట చెప్పింది ప్రాథమిక లెక్క మాత్రమే అని కమిషన్ వివరణ ఇచ్చింది. అభ్యర్థులు ఒప్పుకోలేదు, కోర్టుకెళ్లారు. సెప్టెంబర్ 23న హైకోర్టు ఆ పరీక్షని రద్దు చేసింది. నాలుగు రోజులకి, సెప్టెంబర్ 27న, డివిజన్ బెంచ్ కూడా రద్దు కరెక్టే అంది. తెలంగాణ వచ్చాక వేసిన మొదటి గ్రూప్-1 అది. 503 పోస్టులు. ఆ ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల అప్పటికే ఒకసారి రద్దయింది. ఇది రెండోసారి.

మన తిమ్మాజిపేట నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాద్ బస్సెక్కి, అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రూమ్ తీసుకుని, ఇంట్లో వాళ్లు పంపిన డబ్బుతో కోచింగ్ తీసుకున్న వాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. పాలమూరు నుంచి సర్కారు నౌకరీ కోసం వెళ్లే ప్రతి ఒక్కరి కష్టం చివరికి ఒక కాయితం మీదికి వస్తది. దాని పేరు ఓఎమ్మార్ షీట్. ఆప్టికల్ మార్క్ రికగ్నిషన్. అంటే వెలుతురుతో గుర్తుని చదవడం.

ఇవాళ్టి ఎపిసోడ్ ఆ కాయితం చరిత్ర. అది ఎక్కడ పుట్టింది, ఎలా ప్రింట్ చేస్తారు, రెండువైపులా ప్రింట్ చేయడం ఎందుకంత కష్టం, మన దగ్గర అది ఎక్కడెక్కడ దెబ్బకొట్టింది. నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసిన మనిషిని కాబట్టి మధ్యలో కొంచెం టెక్నికల్‌గా వెళ్తాను. భయపడకండి, అర్థమయ్యేలాగే చెప్తాను.

కాయితానికి రెండు ప్రశ్నలు

ఏ పరీక్ష కాయితమైనా రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎవరు రాశారు? ఏం రాశారు?

నీట్ రాసినవాళ్లకి గుర్తుంటుంది. ఆన్సర్ షీట్‌లో సైడ్-1, సైడ్-2 వివరాలు జాగ్రత్తగా నింపండి అని బుక్‌లెట్ మీదే రాసి ఉండేది. అది మెడికల్ ఎంట్రన్స్ ఏఐపీఎంటీ కాలం నుంచి వస్తున్న మాట. ఒకవైపు మీ రోల్ నంబర్, మీ పేరు, మీ సంతకం. ఇంకోవైపు మీ బబుల్స్. చాలా పరీక్షల్లో ఈ రెండూ ఒకే వైపు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. పదో తరగతిలో, ఇంటర్‌లో మెయిన్ ఆన్సర్ షీట్‌కి ముందు బార్‌కోడ్ ఉన్న ఓఎమ్మార్ కాయితం ఉంటుంది కదా, అది కూడా ఈ కుటుంబమే.

ఇక్కడ ఒక చిక్కుంది. దిద్దేటప్పుడు పేరు కనపడొద్దు. కనపడితే తెలిసినవాళ్లకి మార్కులు పడతాయి. కానీ దిద్దిన తర్వాత పేరు తప్పిపోవద్దు. తప్పిపోతే మీ మార్కులు ఇంకొకరికి పోతాయి. పేరుని దాచాలి, పోగొట్టొద్దు. ఓఎమ్మార్ కథ మొత్తం ఈ రెండు మాటల మధ్యే నడిచింది. జవాబుల వైపుని మెషీన్ ఎప్పుడో గెలిచేసింది. పేరు వైపు మాత్రం ఇంకా మనుషుల చేతుల్లోనే ఉంది. మన దగ్గర ఈ కాయితం మీద నడిచిన పెద్ద గొడవల్లో ఆ రెండో వైపు ఎంత పెద్ద పాత్ర వేసిందో మీరే చూస్తారు.

స్పార్క్ ప్లగ్ మీద పెన్సిల్ గీత

1930ల్లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో రెనాల్డ్ జాన్సన్ అనే స్కూల్ టీచర్ ఉండేవాడు. సైన్స్ చెప్పేవాడు. చిన్నప్పుడు ఆయన ఒక అల్లరి పని చేసేవాడట. కార్ల స్పార్క్ ప్లగ్ మీద బయటి నుంచి పెన్సిల్‌తో గీత గీసేవాడు. పెన్సిల్ ముల్లులో ఉండేది గ్రాఫైట్. గ్రాఫైట్‌లోంచి కరెంటు పోతుంది. దాంతో స్పార్క్ రావాల్సిన చోట రాకుండా గీత మీదుగా పోయేది, కారు స్టార్ట్ అయ్యేది కాదు.

టీచర్ అయ్యాక అదే ఐడియా పరీక్ష పేపర్లకి వాడాడు. పిల్లవాడు పెన్సిల్‌తో నల్లగా గీసిన చోట కరెంటు పోతుంది, ఖాళీ చోట పోదు. సరైన జవాబుల దగ్గర పోయిన కరెంటుని కలిపి కొలిస్తే మార్కులు వచ్చేస్తాయి! 1934లో ఐబీఎం ఆయనకి ఉద్యోగం ఇచ్చింది. 1938లో ఐబీఎం 805 అనే టెస్ట్ స్కోరింగ్ మెషీన్ మార్కెట్లోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇంకో ముచ్చట. ఇదే జాన్సన్ తర్వాత ఐబీఎంలో ఒక టీమ్‌ని నడిపించాడు. 1956లో ఆ టీమ్ ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్క్‌ని తెచ్చింది.

కరెంటు పద్ధతికి ఇబ్బందులున్నాయి. ప్రత్యేకమైన పెన్సిల్ కావాలి. గీత గట్టిగా పడాలి. మెషీన్ కాయితాన్ని ముట్టుకుని చదవాలి. 1950ల్లో అయోవా యూనివర్సిటీలో లిండ్‌క్విస్ట్ అనే ప్రొఫెసర్ కరెంటు తీసేసి వెలుతురు పెట్టాడు. నల్లగా ఉన్నచోట వెలుతురు తగ్గుతుంది, సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. ఇవాళ మనం వాడే పద్ధతికి మూలం అదే. 1972లో మైకేల్ సొకోల్‌స్కీ స్కాంట్రాన్ కంపెనీ పెట్టి, చిన్న మెషీన్లని స్కూళ్లకి చేర్చాడు. అమెరికాలో ఇప్పటికీ చాలామంది ఆ షీట్‌ని స్కాంట్రాన్ అనే అంటారు, మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు.

మన దేశానికి లక్షలమంది ఒకేరోజు రాసే పరీక్షలున్నాయి. ఈ కాయితం మనకోసమే పుట్టినట్టు సరిపోయింది. ఐఐటీ జేఈఈ 2006 నుంచి ఓఎమ్మార్ మీద నడిచింది. మన ఎంసెట్ కూడా ఏళ్ల తరబడి ఓఎమ్మార్ మీదే నడిచి, తెలంగాణలో 2018లో కంప్యూటర్‌కి మారింది. గ్రూప్ పరీక్షలు మాత్రం ఇంకా కాయితం మీదే. కారణం సింపుల్. 2023 జూలై 1న జరిగిన గ్రూప్-4కి 9.5 లక్షలకి పైగా అప్లై చేశారు. అంతమందికి ఒకేసారి కంప్యూటర్లు ఎక్కడివి? విడతలుగా పెడితే ఒక్కో విడతకి ఒక్కో పేపర్, ఆ తర్వాత నార్మలైజేషన్ గొడవ. ఒకేరోజు అందరికీ ఒకే పేపర్ కావాలంటే కాయితమే దారి.

రెండువైపులా ప్రింటింగ్: అసలు కష్టం ఇక్కడుంది

చూడటానికి మామూలు కాయితమే. గుండ్రాలు, గీతలు, నాలుగు గడులు. మన ఊరి జిరాక్స్ సెంటర్‌లో కూడా కొట్టేయొచ్చు అనిపిస్తుంది. కోచింగ్ సెంటర్ల ప్రాక్టీస్ షీట్లు అలాగే వస్తాయి. కానీ మెషీన్ లక్షల షీట్లు ఆగకుండా చదవాలంటే లెక్క మారిపోతుంది.

మొదటిది కాయితం మందం. మామూలు జిరాక్స్ కాయితం 70, 80 జీఎస్ఎం ఉంటుంది. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటర్ కాయితం బరువు ఎన్ని గ్రాములు అని. ఓఎమ్మార్‌కి సాధారణంగా 100 జీఎస్ఎం, అంతకంటే ఎక్కువ వాడతారు. పల్చగా ఉంటే స్కానర్‌లో ఇరుక్కుంటుంది. ఒకేసారి రెండు షీట్లు లోపలికి పోతాయి. పైగా రెండువైపులా ప్రింట్ ఉంటే, వెనకవైపు బాల్ పెన్నుతో దిద్దిన నల్ల గుండ్రం ముందువైపు మచ్చలా కనపడుతుంది. మెషీన్ దాన్ని జవాబు అనుకుందంటే? మీరు పెట్టని బబుల్ మీ ఖాతాలో పడినట్టే.

రెండోది రంగు. ఓఎమ్మార్ గుండ్రాలు చాలావాటికి లేత గులాబీ రంగులోనో, ఎరుపులోనో ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? అందం కోసం కాదు. స్కానర్‌లో ఎర్రటి వెలుతురు వాడితే ఎర్రటి ఇంక్ దానికి తెల్లకాయితంలాగే కనిపిస్తుంది. గుండ్రం గీత మాయమైపోయి, మీరు నింపిన నలుపో నీలమో మాత్రమే మిగులుతుంది. దీన్ని డ్రాప్ అవుట్ కలర్ అంటారు. నీలం, నలుపు బాల్ పెన్నే వాడమని ఎందుకంత గట్టిగా చెప్తారో ఇప్పుడు అర్థమైంది కదా. అలాంటి షీట్ మీద ఎర్ర పెన్నుతో దిద్దితే మీరు రాసినట్టు మెషీన్‌కి తెలియనే తెలియదు.

మూడోది అంచున ఉండే చిన్న చిన్న నల్ల కడ్డీలు. టైమింగ్ మార్కులు. షీట్ ఎంత వంకరగా లోపలికి వెళ్లినా, ఇది 17వ వరస, ఇది 18వ వరస అని మెషీన్ వాటిని చూసే లెక్కపెట్టుకుంటుంది. అందుకే అంచులు మడవద్దు, అక్కడ ఏమీ రాయొద్దు, చింపొద్దు అంటారు.

నాలుగోది రెండువైపుల పొందిక. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ముందు ఒకవైపు కొడతారు, కాయితం తిప్పి రెండోవైపు కొడతారు. తిప్పినప్పుడు కాయితం ఒక రవ్వ జరిగిందనుకోండి. మనిషి కంటికి ఏమీ తెలియదు. కానీ బబుల్ వెడల్పు సుమారు నాలుగైదు మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు జరిగితే, మెషీన్ చూసే గడిలో సగం బబులే ఉంటుంది. కాయితం గాలిలో తేమని పీల్చుకుని సాగుతుంది కూడా. వానాకాలంలో ఇవాళ ఒకవైపు కొట్టి రేపు రెండోవైపు కొడితే అదే కాయితం కొలత కొంచెం మారి ఉండొచ్చు. అందుకే ప్రెస్‌లో షీట్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ముందు గుర్తు, వెనక గుర్తు ఒకదాని మీద ఒకటి పడ్డాయా అని చూస్తారు.

ఐదోది అన్నిటికంటే ప్రమాదకరమైనది. ప్రతి షీట్ వేరేగా ఉండటం. ఆఫ్‌సెట్ ప్లేట్ ఒకే బొమ్మని లక్షసార్లు కొడుతుంది. కానీ సీరియల్ నంబర్, బార్‌కోడ్, హాల్ టికెట్ నంబర్, ఫొటో మాత్రం షీట్ షీట్‌కి మారాలి. వాటిని డిజిటల్ మెషీన్‌తో విడిగా కొడతారు. ఇప్పుడు రెండువైపులా నంబర్ ఉందనుకోండి. ముందువైపు 1 నుంచి లక్ష దాకా కొట్టేశారు. వెనకవైపు కొడుతుంటే 40,000వ షీట్ మెషీన్‌లో ఇరుక్కుంది. ఆపరేటర్ దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసి, మెషీన్ మళ్లీ స్టార్ట్ చేశాడు. మెషీన్ మాత్రం వెనక 40,000 కొట్టాలనే చూస్తోంది. కింద ఉన్న షీట్ ముందువైపు 40,001. అక్కడి నుంచి చివరిదాకా ముందు ఒక మనిషి, వెనక పక్క మనిషి!

కోడింగ్ చేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన దెయ్యం. ఆఫ్ బై వన్ ఎర్రర్. కోడ్‌లో అయితే ఒక లైన్ మార్చి మళ్లీ రన్ చేస్తాం. ఇక్కడ ఒక్క షీట్ తప్పితే 60,000 మంది మార్కులు తారుమారు. దీనికి విరుగుడు రెండువైపులా ఒకే కోడ్ పెట్టి, ప్రెస్ చివర కెమెరాలతో రెండూ ఒకటేనా అని ప్రతి షీట్‌నీ చూడటం. స్కాన్ చేసేటప్పుడు కూడా పైన ఒక కన్ను, కింద ఒక కన్ను ఉండే స్కానర్‌తో రెండువైపులనీ ఒకేసారి తీసి, రెండు బొమ్మలనీ ఒకే నంబర్‌తో దాచడం. ఈ రెండు చోట్లా ఖర్చు తగ్గించుకున్నవాళ్లు తర్వాత కోర్టు ఖర్చులు పెట్టుకుంటారు.

2016 గ్రూప్-2: రెండు నంబర్లు తెచ్చిన తొమ్మిదేళ్ల కేసు

2016 నవంబర్ 11, 13 తేదీల్లో గ్రూప్-2 జరిగింది. 1,032 పోస్టులు. మొదటి పేపర్ రోజే చాలా సెంటర్లలో గందరగోళం. ప్రశ్నపత్రం బుక్‌లెట్ మీద ఉన్న నంబర్, ఓఎమ్మార్ షీట్ మీద ఉన్న నంబర్ ఒకటి కాదు. రెండూ ఒకటే ఉండాలేమో అనుకున్నారు కొందరు. ఇన్విజిలేటర్లలో కూడా స్పష్టత లేదు. షీట్లు మార్చుకున్నవాళ్లున్నారు, దిద్దిన నంబర్‌ని కొట్టేసి మళ్లీ దిద్దినవాళ్లున్నారు, వైట్‌నర్ పూసినవాళ్లున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. తప్పు జవాబుల్లో మొదలవ్వలేదు, ఎవరు రాశారనే వైపు మొదలైంది. రెండు కాయితాల మీద రెండు నంబర్లు వేసి, వాటికి సంబంధం ఉందా లేదా అన్నది పిల్లలకి అర్థమయ్యేలా చెప్పలేదు. కానీ ఒకసారి వైట్‌నర్ హాల్‌లోకి వచ్చాక, అది నంబర్ల గడిలోనే వాడారా, జవాబుల మీద కూడా వాడారా అన్న అనుమానం మొదలైంది. కొన్ని షీట్లలో జవాబుల మీద కూడా దిద్దుబాట్లు కనిపించాయి.

టెక్నికల్ కమిటీ వేశారు. వ్యక్తిగత వివరాల భాగంలో తప్పులు దిద్దుకుంటే ఒప్పుకోవచ్చు, జవాబుల భాగంలో దిద్దితే మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు అన్నది స్థూలంగా దాని సలహా. వినడానికి న్యాయంగానే ఉంది. కేసులు నడిచి నడిచి, 2019 అక్టోబర్‌లో ఎంపిక జాబితా వచ్చింది. ఉద్యోగాల్లో చేరారు. కథ అయిపోయిందనుకున్నారు. 2025 నవంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జాబితానే రద్దు చేశారు, కమిటీ సలహా ప్రకారం మూల్యాంకనం జరగలేదని. అదే నెలలో డివిజన్ బెంచ్ ఆ తీర్పుని సస్పెండ్ చేసింది.

పరీక్ష రాసిన తొమ్మిదేళ్లకి! ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తూ, పెళ్లి చేసుకుని, లోన్ పెట్టి ఇల్లు కట్టుకున్న మనిషికి ఆ వారం ఎలా గడిచి ఉంటుంది? అదే టైమ్‌లో, రూల్ ప్రకారం శుభ్రంగా దిద్ది, ఒక్క మార్కుతో ఉద్యోగం పోగొట్టుకున్న మనిషికి ఆ తొమ్మిదేళ్లు ఎలా గడిచాయి? రెండువైపులా మనవాళ్లే. అందుకే దీన్ని పార్టీల గొడవగానో కోచింగ్ సెంటర్ల గొడవగానో చూడకండి. ఆ రోజు హాల్‌లో ఒక్క వాక్యం స్పష్టంగా చెప్పి ఉంటే, లేదా రెండు నంబర్లనీ మొదటే సరిగ్గా డిజైన్ చేసి ఉంటే, వీళ్లిద్దరూ కోర్టు మెట్ల మీద ఎదురుపడేవాళ్లు కాదు.

2019 ఇంటర్: బబుల్ దిద్దింది స్టూడెంట్ కాదు

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా. మళ్లీ చూస్తే 99. ఎలా జరిగింది? ఇంటర్‌లో జవాబులు చేత్తో రాస్తాం, లెక్చరర్ దిద్దుతారు. దిద్దాక మార్కులని ఓఎమ్మార్ కాయితం మీద బబుల్స్‌గా నింపుతారు. అక్కడ 99 బదులు సున్నా సున్నా నింపారు. మెషీన్ తన పని తాను కరెక్టుగా చేసింది. సున్నా అని ఉంటే సున్నా అని చదివింది.

మెషీన్ గురించి మనం మర్చిపోయే విషయం ఇదే. దానికి అనుమానం రాదు. మిగతా అన్ని సబ్జెక్టుల్లో మంచి మార్కులున్న అమ్మాయికి తెలుగులో సున్నా ఎలా వస్తుందని మనిషి ఆగుతాడు, మెషీన్ ఆగదు. ఆగాలంటే ఆగమని కోడ్‌లో మనం రాయాలి. ఆ ఏడాది ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. బబ్లింగ్‌లో పొరపాట్లు, సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటికొచ్చాయి. ఫెయిలైన మూడు లక్షలమందికి పైగా పిల్లల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యికి పైగా పిల్లలు పాసయ్యారు. ఈలోపే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

ఈ మాట చెప్పి ఊరికే ముందుకెళ్లలేను. ఇది చూస్తున్నవాళ్లలో ఫలితాల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటారు. ఒక కాయితం మీద ఉన్న నంబర్ తప్పు కూడా కావచ్చు. కరెక్టే అయినా అది ఒక కాయితం మాత్రమే. మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ ఆ 258 దగ్గరికి

ఇప్పుడు ప్రింటింగ్ గురించి మీకు తెలుసు కాబట్టి, గ్రూప్-1 కేసు వేరేగా కనిపిస్తుంది.

2022 అక్టోబర్ 16న మొదటిసారి ప్రిలిమ్స్ పెట్టినప్పుడు 2,85,916 మంది రాశారు. బయోమెట్రిక్ తీసుకున్నారు. పేపర్ లీకైందని తేలాక 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ పెట్టినప్పుడు బయోమెట్రిక్ లేదు. మొదటిసారి ఓఎమ్మార్ మీద హాల్ టికెట్ నంబర్, ఫొటో ఉన్నాయి, రెండోసారి లేవు అని పిటిషనర్లు కోర్టుకి చెప్పారు.

ఫొటో ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అనుకోవచ్చు. తేడా చాలా ఉంది. పేరు ప్రింటైన షీట్ రిజిస్ట్రీ అయిన ప్లాట్ లాంటిది, అది ఇంకొకరిది కాలేదు. పేరు లేని ఖాళీ షీట్ కరెన్సీ నోటు లాంటిది, ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. నోటుకైతే లెక్క పక్కాగా ఉండాలి. ఎన్ని ప్రింటయ్యాయి, ఎన్ని సెంటర్లకి వెళ్లాయి, ఎన్ని వాడారు, ఎన్ని పాడయ్యాయి, ఎన్ని ఖాళీగా వెనక్కి వచ్చాయి. కూడితే మొదటి నంబర్ రావాలి. అటు షీట్ మీద మనిషి గుర్తు లేదు, ఇటు వేలిముద్ర లేదు. అలాంటప్పుడు మిగిలిన ఒకే ఒక్క కాపలా ఆ లెక్క. ఆ లెక్కలోనే 258 తేడా వచ్చింది.

ఆ 258 వెనక మోసం ఉందని నేను చెప్పట్లేదు. నా పాయింట్ వేరే. మోసం లేదని చూపించడానికి కావాల్సిన గుర్తులు ఆ కాయితం మీద లేవు. రెండు లక్షల ముప్పై వేలమంది నిజాయితీగా రాసినా, నిజాయితీగా రాశామని చూపించుకోలేని పరిస్థితి. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ రద్దు చేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ప్రిలిమ్స్ జరిగింది, ఈసారి బయోమెట్రిక్‌తో. 2022 ఏప్రిల్‌లో మొదటి నోటిఫికేషన్ చూసి పుస్తకం పట్టుకున్న మనిషి, ప్రిలిమ్స్ అనే ఒక్క మెట్టు దగ్గరే మూడుసార్లు నిలబడ్డాడు.

ఇది మన ఒక్కరి కథే కాదు. పశ్చిమ బెంగాల్‌లో 2016 టీచర్ల నియామకం చూడండి. ఓఎమ్మార్ షీట్లలో ఉన్న మార్కులకీ, రికార్డులో ఉన్న మార్కులకీ పొంతన లేదు. అసలు షీట్లు అప్పటికే నాశనం చేసేశారు. సీబీఐ ఘజియాబాద్‌లో దొరికిన హార్డ్ డిస్కుల్లోంచి స్కాన్ వివరాలు బయటికి తీసింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు 25,000కి పైగా ఉద్యోగాలు రద్దు చేసింది. అందులో ఏ తప్పూ చేయనివాళ్లు కూడా ఉన్నారు. మంచి షీట్‌ని చెడ్డ షీట్ నుంచి పూర్తిగా వేరుచేసే దారి లేక అందరూ పోయారు.

జాన్సన్ కనిపెట్టింది హార్డ్ డిస్క్ కూడా అని ఇందాక చెప్పాను కదా. కాయితం పోయినా డిస్క్ మిగిలింది.

మీ చేతిలో ఉన్న పనులు

డిజైన్, ప్రింటింగ్, టెండర్ మన చేతిలో ఉండవు. కానీ హాల్‌లో కొన్ని ఉంటాయి. నోట్ చేసుకోండి.

షీట్ చేతికి రాగానే తిప్పి చూడండి. రెండువైపులా ప్రింట్ సరిగ్గా ఉందా, ఎక్కడైనా మసకగా ఉందా, నంబర్ రెండుచోట్ల ఉంటే రెండూ ఒకటేనా. మీ పేరు, ఫొటో ప్రింటై ఉంటే అది మీదేనా. తేడా ఉంటే ఒక్క బబుల్ కూడా పెట్టకముందే చెయ్యెత్తి అడగండి. సిగ్గుపడొద్దు. అడగడం మీ హక్కు.

బుక్‌లెట్ నంబర్, షీట్ నంబర్ ఒకటే ఉండాలా వద్దా అనేది ఇన్‌స్ట్రక్షన్స్‌లో చదవండి. పక్కవాళ్ల మాట విని మార్చొద్దు.

హాల్ టికెట్ నంబర్ ముందు అంకెల్లో రాయండి, తర్వాత ఒక్కో అంకె కింద బబుల్ పెట్టండి. అయిపోయాక బబుల్స్‌ని వెనక్కి చదివి అంకెలతో సరిచూసుకోండి. నిమిషం కూడా పట్టదు.

తప్పుపోతే వైట్‌నర్, బ్లేడ్, రబ్బరు జోలికి వెళ్లొద్దు. ఒక మార్కు పోతే పోనీ. 1,032 పోస్టుల గ్రూప్-2 కథ ఇప్పుడే విన్నారు.

మీ కాపీ ఇస్తే ఫొటో తీసి ఫోన్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. వెబ్‌సైట్‌లో మీ స్కాన్ బొమ్మ పెట్టగానే డౌన్‌లోడ్ చేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లింక్ కొన్నాళ్లే ఉంటుంది. ఆ తర్వాత వెతికినా దొరకదు.

చివరిగా ఒక మాట, ముఖ్యంగా మన పాలమూరు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. రేపు మీలో చాలామంది ఇన్విజిలేటర్లు అవుతారు, టీచర్లు అవుతారు, ఎంపీడీవోలు, తహసీల్దార్లు అవుతారు. కొందరు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి ఇలాంటి సిస్టమ్‌కే కోడ్ రాస్తారు. అప్పుడు ఏ మీటింగ్‌లోనో ఎవరో ఒకరు అంటారు, "ఫొటో ప్రింటింగ్ ఎందుకు సార్, ఖర్చు దండగ, ఈసారికి అలా కానిచ్చేద్దాం" అని. ఆ రోజు ఈ 258 గుర్తుతెచ్చుకోండి.

మీకు ఓఎమ్మార్‌తో ఏదైనా ఇబ్బంది ఎదురై ఉంటే కామెంట్‌లో చెప్పండి, హాల్ టికెట్ నంబర్లు మాత్రం పెట్టకండి. వచ్చే ఎపిసోడ్‌లో నార్మలైజేషన్ గురించి మాట్లాడుకుందాం. పేపర్ కష్టంగా వచ్చిన షిఫ్ట్ వాళ్లకి మార్కులు ఎలా కలుపుతారు, అది న్యాయమేనా అని. ఉంటాను ఫ్రెండ్స్. బాగా చదువుకోండి, నిదానంగా దిద్దండి.